గోడకి ఆనించిన మంచం

ఆ ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన పెద్దాయన. కుడి తుంటి మీద పడక పుండు. మొదటిసారి డ్రెస్సింగ్ మార్చాను, రెండోసారి యాంటీబయాటిక్ రాశాను. "రెండు గంటలకోసారి పక్క మార్చండి" అని రెండుసార్లూ చెప్పాను. వాళ్ళావిడ తలూపింది. పుండు మాత్రం లోతవుతూనే ఉంది.

మూడోసారి నాకంటే ముందు మా హోమ్ కేర్ ఆయా వెళ్ళింది. సాయంత్రం ఫోన్ చేసి, "సార్, మంచం గోడకి ఆనించి ఉంది" అంది.

"అయితే?"

"ఎడమవైపు గోడ. మామ్మగారు ఒక్కతే ఆయన్ని తనవైపు లాక్కోగలదు గానీ, అటు తిప్పాలంటే నిలబడే చోటేదీ? పక్క మార్చడమంటే ఆవిడకి వెల్లకిలా, కుడివైపు, అంతే."

పుండు ఉన్నది కుడివైపే. నేను రెండుసార్లు నిలబడిందీ ఆ వైపే.

ఆమె మంచాన్ని రెండడుగులు ఇవతలికి జరిపించింది. వీపు వెనక దిండు పెట్టి, బరువు తుంటి ఎముక మీద పడకుండా కొంచెం మాత్రమే ఒరిగించింది. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చేసింది. ఆ తరవాత అన్నీ తీసేసి, "ఇప్పుడు మీరు చెయ్యండి మామ్మగారూ, నేను చూస్తా" అంది. మూడోసారికి గానీ ఆవిడకి కుదరలేదట. "రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?" అని కూడా ఆయా అడిగింది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పక్క గదిలో పడుకునే కొడుకు ఆ వంతు తీసుకున్నాడు. మూడు నెలలకి పుండు పూడింది.

ఎముక మీది చర్మం గంటల తరబడి ఒత్తుకుంటే రక్తం ఆడక చచ్చుబడుతుంది. మన ఒంటి రంగు మీద తొలి ఎరుపు చాలాసార్లు కనబడదు. వెచ్చగానో, గట్టిగానో చేతికి తగులుతుంది. అందుకే ఆయా రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర తడిమి చూస్తుంది. ఆమెకి అది స్నానమూ, పరీక్షా కూడా.

ఇంకో ఇంట్లో మామ్మగారికి పూటకోసారి ఇన్సులిన్. అప్పుడప్పుడు షుగర్ 70 కంటే దిగిపోతోంది. నేను డోసు తగ్గించాను. మిగతా రోజుల్లో పెరిగింది. ఆయా గ్లూకోమీటర్ మెమరీలో ఉన్న అంకెలన్నీ తేదీల వారీగా నోటుపుస్తకంలోకి ఎక్కించింది. తగ్గినవన్నీ ఆదివారం పొద్దుటివే.

"శనివారం రాత్రి ఏం తింటారు మామ్మగారూ?"

"ఒక్కపొద్దు కదే అమ్మాయ్! ఓ అరటిపండు తిని పడుకుంటా."

ఇంజెక్షన్ మాత్రం అలవాటుగా వేసుకుంటోంది. ఆయా "మానెయ్యండి" అనలేదు, డోసూ తనంతట తాను మార్చలేదు. నాకు ఫోన్ చేసింది. శనివారానికి వేరే లెక్క రాశాను. వ్రతం సాగుతోంది, షుగరూ నిలబడింది.

ఆసుపత్రికి వచ్చే రోగి ఒళ్ళు తెస్తాడు గానీ మంచాన్నీ, వంటింటినీ, వారాలనీ తీసుకురాడు. అవి చూడాల్సింది ఇంటికి వెళ్ళేవాళ్ళే. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే: వెళ్ళగానే చేతులు కడుక్కోండి, కాసేపు కూర్చోండి, ఇల్లు చూడండి. ఒక్క రోజులో పది నేర్పకండి, ఒక్కటి నేర్పి, వాళ్ళ చేత చేయించి రండి. చూసింది రాయండి.

పెద్దాయన ఇంటి నోటుపుస్తకం మొన్న తిరగేశాను. సంక్రాంతి తరవాతి పేజీలో ఆయా రాత: "మంచం మళ్ళీ గోడకి చేరింది. పండక్కి చుట్టాలొచ్చారట. జరిపాను. మామ్మగారి చేత మళ్ళీ చేయించాను."