దానికి కాలమ్ లేదు

మా నాయన పాకాల నుంచి ధర్మవరం పొయ్యే లైన్లో గేట్‌మ్యాన్. ఆయనేం పని చేస్తాడని బళ్ళో ఎవరన్నా అడిగితే ‘గేటేస్తాడు, తీస్తాడు’ అని చెప్పేవాణ్ణి. ఆ రెండూ కలిపి రోజుకి రెండు గంటలు కూడా పట్టవు. డ్యూటీ మాత్రం పన్నెండు గంటలు. మిగిలిన పది గంటలకీ చట్టంలో ఒక పేరుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

1989 రైల్వే చట్టం 130వ సెక్షన్‌లో ‘ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్’ అనే తరగతి ఉంది. మధ్యమధ్యలో ఖాళీ దొరికే పని అన్నమాట. పన్నెండు గంటల డ్యూటీలో సగమో, అంతకన్నా ఎక్కువో ఒంటికి పనిగానీ నిలకడైన ధ్యాసగానీ అక్కర్లేని సమయమైతే ఆ ఉద్యోగాన్ని ఇందులో వేస్తారు. ‘కంటిన్యూయస్’ తరగతికి వారానికి సగటున 54 గంటలు హద్దు. దీనికి 75. రెట్టింపు ఓవర్‌టైమ్ ఆ హద్దు దాటాకే. ఒకరికి ఓవర్‌టైమ్ అయ్యే గంట ఇంకొకరికి మామూలు డ్యూటీ. గేటు దగ్గర లెక్క ఇంకా సులువు: ఎనిమిది గంటల షిఫ్టయితే ముగ్గురు కావాలి, పన్నెండైతే ఇద్దరు చాలు.

ఇది కొత్త లెక్కేం కాదు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టంలో పెట్టినప్పుడు ఈ హద్దులు 60, 84. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష అవార్డుతో 54, 75కి దిగాయి. 1974 మే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం ప్రధానమైన డిమాండు. ఇన్ని గొడవల్లో గంటలు తగ్గాయిగానీ తరగతి పోలేదు.

ఎవరి పని ఏ తరగతో తేల్చడానికి ‘జాబ్ ఎనాలిసిస్’ చేస్తారు. వరసగా 72 గంటలు గమనించి నిమిషాల లెక్క రాస్తారు. ఒకసారి మా నాయన గేటుకీ వచ్చారు. నేను క్యారియర్ తీసుకుని పోయేసరికి వచ్చినాయన వేపచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు, మోకాలి మీద పుస్తకం. స్టేషన్ నుంచి ఫోనొస్తే రాసుకున్నాడు. నాయన ప్రైవేట్ నంబర్ చెప్పి, గేటేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడితే రాసుకున్నాడు. బండి పోయి గేటు తీశాక పెన్ను మూసేశాడు.

నాయన నా పక్కన కూర్చుని బడి సంగతులు అడగతా ఉన్నాడు. సగం మాటలో ఆగి, చెవి ఫోను వైపు పెట్టి, మళ్ళీ అందుకుంటాడు. ఇంట్లోనూ ఆయన మాట్లాడేది అట్లనే.

‘ఇప్పుడు ఖాళీనే కదా?’ అన్నాడు వచ్చినాయన.

‘ఇంటా ఉండా గదా సార్. ఇనేది పని గాదా?’

ఆయన నవ్వి, ‘దానికి కాలమ్ లేదప్పా’ అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే లేదు.

చట్టంలో మాత్రం ఉంది. ‘నిలకడైన ధ్యాస’ అన్న మాట అందులోదే. చేతులు కదిలితే పక్కన కూర్చున్నవాళ్ళకి కనపడుతుంది. చెవి పనిచేస్తోందో లేదో ఎట్లా కనపడుతుంది?

స్లొవేనియాలో కొండమీద ట్రాన్స్‌మిటర్ చూసుకునే టెక్నీషియన్ ఒకాయన ఇట్లాంటి ప్రశ్నతోనే కోర్టుకెక్కాడు. చోటు దూరం కాబట్టి డ్యూటీ దిగినా అక్కడే ఉండేవాడు, పిలిస్తే గంటలో హాజరు కావాలి. చోటు మారుమూలదైనంత మాత్రాన స్టాండ్‌బై అంతా పనిగంటలు కావనీ, ఆ సమయం మీద మనిషికి ఎంత స్వేచ్ఛ మిగిలిందో చూడాలనీ 2021లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. మా నాయనకి గంట వ్యవధి లేదు. ఫోను రెండోసారి మోగేలోపు ఎత్తాలి. మన చట్టమూ ఆ సమయాన్ని డ్యూటీ అనే అంటుంది. కాకపోతే తక్కువ రకం డ్యూటీ.

బెంగుళూరులో ఆన్‌కాల్ చేసే నా ఫ్రెండ్స్ సినిమాకి ల్యాప్‌టాప్ పట్టుకొస్తారు. ఇంటర్వెల్లో వాళ్ళ మొహం చూస్తే అది సెలవో పనో తెలిసిపోతుంది. జీతం లెక్కకి మాత్రం తెలియదు.

ఏ గేటు దగ్గరైనా ప్రమాదం జరిగితే మొదట అడిగేది గేట్‌మ్యాన్ ధ్యాస ఎక్కడుందనే. గంటలు లెక్కేసేటప్పుడు అక్కర్లేదన్న ధ్యాస, తప్పు లెక్కేసేటప్పుడు క్షణం కూడా తగ్గకూడదు. ఈ రెండు పుస్తకాల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడమనే నేనడిగేది.