పిప్పరమెంటు వాసన వచ్చే మందుల పేట

కేంబ్రిడ్జి, మసాచుసెట్స్

బాబాయి గారూ,

షాపు మూసేసినా మీకు మందుల మీద మక్కువ పోలేదని తెలుసు. అందుకే ఈసారి ఉత్తరమంతా మందుల ఊసే.

బోస్టన్‌లో మెట్రో రైలెక్కి, చార్లెస్ నది మీద లాంగ్‌ఫెలో వంతెన దాటితే మొదట వచ్చే స్టేషను కెండాల్. మీరు ఇన్నేళ్లూ అట్టపెట్టెల మీద చదివిన నోవార్టిస్, ఫైజర్ లాంటి పేర్లు ఇక్కడ భవనాల నెత్తిన కనిపిస్తాయి. కరోనా టీకా చేసిన మోడెర్నా ఇక్కడిదే. మనిషి జన్యుపటాన్ని చదివిన మహాయజ్ఞంలో పెద్ద వాటా మోసిన వైట్‌హెడ్ సంస్థా ఇక్కడే ఉంది. అన్నీ కాళ్లతో నడిచి చూసి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

మెయిన్ స్ట్రీట్‌లో నడుస్తుంటే మాత్రం మందుల వాసన రాదు, పిప్పరమెంటు వాసన వస్తుంది! జన్యువుల ల్యాబుల నడుమ ఒక మిఠాయి ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. లోపల పిప్పరమెంటు, పైన చాక్లెట్ పూతతో జూనియర్ మింట్స్ అనే బిళ్లలు చేస్తారు. ఒకప్పుడు ఈ పేటంతా ఇలాంటి కార్ఖానాలే: సబ్బులు, రబ్బరు గొట్టాలు, మిఠాయిలు. కెండాల్ అన్నది కూడా ఏ శాస్త్రవేత్త పేరో కాదు, బాయిలర్లు చేయించిన ఒక ఆసామి ఇంటిపేరు. 1927లో కట్టిన నెక్కో మిఠాయి ఫ్యాక్టరీని నోవార్టిస్ తీసుకుని పరిశోధనాలయం చేసుకుంది.

కార్ఖానాలు పోయి ల్యాబులు రావడానికి మధ్య ఒక పాడుకాలం ఉంది. 1960లలో ఫ్యాక్టరీలను కూలగొట్టి నాసాకి స్థలం ఇచ్చారు. 1964లో ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం పెట్టారు, 1970కల్లా మూసేశారు. భవనాలు రవాణా శాఖకు పోయాయి. మిగతా నేల ఏళ్ల తరబడి బీడుగా పడి ఉంది. ఎమ్ఐటీ లాంటి విద్యాలయం పక్కనే ఉన్నా దాని గతి అంతే.

అది ఎలా మారిందని అడిగితే ఎక్కువమంది ఎమ్ఐటీ అంటారు, పెట్టుబడి అంటారు. ఆ మాటలు అబద్ధం కాదు. నాకు మాత్రం అసలు పునాది 1976లో కేంబ్రిడ్జి మునిసిపల్ హాల్లో జరిగిన ఒక తగాదా అనిపిస్తుంది.

ఒక జీవి డీఎన్ఏ ముక్కను ఇంకో జీవిలో అతికించే విద్య అప్పుడే కొత్తగా వచ్చింది. హార్వర్డ్ వాళ్లు అందుకోసం ప్రత్యేకంగా ఒక ల్యాబ్ కట్టుకోబోయారు. మేయరు ఆల్‌ఫ్రెడ్ వెలూచీకి హార్వర్డ్ అంటే ముందు నుంచీ పడదు. వాళ్ల ప్రాంగణాన్ని కార్ల పార్కింగుకి ఇచ్చేయాలని ఒకప్పుడు ప్రతిపాదించిన మనిషి! జూన్‌లో బహిరంగ సభ పెట్టి, టీవీ కెమెరాల ముందు ప్రొఫెసర్లను నిలబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఈ ప్రయోగాల సూక్ష్మజీవులు డ్రైనేజీలోకి పోతే ఏమవుతుంది? పూచీ ఎవరిది? మరుసటి ఏడాది, నారింజ రంగు కళ్ల వింత జీవి ఒకటి ఎక్కడో కనిపించిందట, దీనికీ మీ ప్రయోగాలకీ సంబంధం ఉందేమో విచారించమని జాతీయ సైన్స్ అకాడమీకి ఉత్తరం కూడా రాశాడు. నవ్వొస్తుంది. కానీ డ్రైనేజీ ప్రశ్న నవ్వులాట కాదు.

ఊరి కౌన్సిలు ప్రయోగాలను కొన్ని నెలలు ఆపించి, ఒక పౌరుల సంఘం వేసింది. పట్టుమని పదిమంది లేరు. ఇళ్లు వెచ్చబెట్టుకునే నూనె అమ్మే వ్యాపారి అధ్యక్షుడు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే క్రైస్తవ సన్యాసిని ఒకరు. ఈ ప్రయోగాలు చేసేవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లే సాయంత్రాలు కూర్చుని నోబెల్ స్థాయి వాళ్ల వాదనలు రెండు వైపులా విని, అర్థం కానిది మళ్లీ అడిగి, 1977 జనవరిలో నివేదిక ఇచ్చారు. చేసుకోనివ్వండి, కానీ మా షరతులతో అన్నారు. ఫిబ్రవరిలో అది ఊరి చట్టమైంది. అమెరికాలో ఆ విషయం మీద అలాంటి చట్టం చేసిన మొదటి ఊరు ఇదే.

చట్టం పెడితే కంపెనీలు పారిపోతాయనుకుంటాం కదా? ఇక్కడ దానికి విరుద్ధంగా జరిగింది. మిగతా ఊళ్లలో రేపు ఎవరు అడ్డుపడతారో తెలియదు. ఇక్కడ అడ్డుపడవలసిన వాళ్లు అడ్డుపడి, రాజీపడి, కాగితం రాసి ఇచ్చేశారు. 1978లో జెనీవాలో పుట్టిన బయోజెన్ కొన్నేళ్లకే ఇక్కడి బిన్నీ స్ట్రీట్‌కి వచ్చింది. దాని వెనక మరెన్నో వచ్చాయి.

ల్యాబ్ కట్టడం ఆఫీసు కట్టడం లాంటిది కాదు. ఒకసారి వాడిన గాలిని మళ్లీ లోపల తిప్పకూడదు, కనుక పైఅంతస్తుల నిండా ఫ్యాన్లు, గొట్టాలే. పక్కన రైలు పోతే మైక్రోస్కోపు వణక్కూడదు. ఇంత ఖర్చు చిన్నవాళ్లకు ఎక్కడిది? అందుకని 2013లో ల్యాబ్‌సెంట్రల్ అని ఒకటి తెరిచారు. అక్కడ ల్యాబ్ మొత్తం కాదు, ఒక్క బల్ల అద్దెకు తీసుకోవచ్చు. ఫోన్‌లో రెండు ఊళ్ల మధ్య తొలిసారి రెండు వైపులా మాటలు నడిచిన 1876 నాటి చోటూ, పోలరాయిడ్ కెమెరా వాళ్ల పాత ల్యాబూ అదే ఆవరణలోవి.

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఇక్కడ తిరగలేం. భీమవరంలో పుట్టిన ఆయన 1920లలో ఈ నది అవతలి హార్వర్డ్ వైద్య కళాశాలకు వచ్చి, పొట్ట గడవక ఆసుపత్రిలో రాత్రి పనులు చేశారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌నే 1947లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త కేన్సరు పిల్లలకు ఇచ్చి చూశాడు. కీళ్లవాతం వాళ్లకి మీరు ఇచ్చిన మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

అంతా వెలుగే కాదు. ఇక్కడ పనిచేసే వాళ్లలో చాలామందికి ఇక్కడి ఇంటి అద్దె అందదు. కరోనా వేడిలో ఎడాపెడా కట్టిన ల్యాబులు ఈమధ్య చాలా ఖాళీగా ఉన్నాయి. పాత చట్టం మాత్రం పోలేదు. ఈరోజుకీ జన్యువులతో పనిచేసే ల్యాబ్ ఊరి ఆరోగ్య శాఖ దగ్గర అనుమతి తీసుకోవలసిందే.

చిన్నక్క కొడుకు హైదరాబాదులో జీనోమ్ వ్యాలీలో చేస్తున్నాడు కదా. అక్కడ ల్యాబులు వచ్చేటప్పుడు అక్కడి తుర్కపల్లి ఊరివాళ్లనెవరైనా కూర్చోబెట్టి మాట్లాడారా, ల్యాబుల నీళ్లు ఎటు పోతాయని ఎవరైనా అడిగారా, వాణ్ని కనుక్కుని రాయండి.

మీ
అబ్బాయి