రచ్చ గెలిచి ఇంటికి వచ్చినవాడు

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు మన పెద్దలు. చిన్ననాటి నుండి ఈ సామెత వింటూనే పెరిగాము. కాని ఇల్లే కూలిపోయినవాని మాట ఏమిటి? అతడు ఇంట ఎప్పుడు గెలవాలి, రచ్చ ఎప్పుడు గెలవాలి? ఈ ప్రశ్న మా మనసులలో మెదలడానికి కారణం స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు సాంటి కజోర్లా. చదువుకోసం ఊళ్ళు విడిచి హాస్టలు గదులలో చేరిన మాకు, రేపు ఉద్యోగాలకోసం ఇంకా దూరం పోవలసిన మాకు, అతని కథ కేవలం ఆటల కథగా తోచలేదు. అందుచేతనే పాఠక మిత్రులతో దానిని పంచుకొనడానికి పూనుకొన్నాము.

స్పెయిన్‌కు ఉత్తరాన అస్తూరియస్ అనే కొండసీమ ఉన్నది. 1984 డిసెంబరు 13న ఆ సీమలోని లానెరాలో కజోర్లా జన్మించాడు. సమీపాన ఉన్న ఒవియెడో ఆ ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడి క్లబ్బు రియల్ ఒవియెడో. ఆ క్లబ్బు బాలుర జట్లలోనే అతడు ఆట నేర్చాడు. మనిషి పొట్టి, ఎత్తు 168 సెంటీమీటర్లు మాత్రమే. అయితేనేమి, కుడికాలికీ ఎడమకాలికీ తేడా తెలియనివిధంగా బంతిని నడపగల నేర్పు అతనికి అలవడింది. ఇక పెద్దల జట్టులో చోటు దొరకడమే తరువాయి అనుకొంటున్న తరుణంలో, 2003లో ఒవియెడో క్లబ్బు అప్పుల ఊబిలో దిగబడింది. ఆటగాళ్ళకు జీతాలు చెల్లించలేక నాలుగవ శ్రేణి పోటీలకు దిగజారిపోయింది. పద్దెనిమిదేండ్ల కజోర్లా ఇల్లు విడిచి దేశానికి తూర్పున ఉన్న విల్లారియల్ పట్టణానికి చేరుకొన్నాడు. అతనిని పొమ్మన్నవారు లేరు. ఉండడానికి చోటూ లేదు.

ఆ తరువాత అతడు రచ్చ గెలిచిన తీరు లోకానికి తెలిసినదే. విల్లారియల్‌లో, వెల్వా నగరపు రిక్రియేటివో జట్టులో, మళ్ళీ విల్లారియల్‌లో, మాలగాలో ఆడాడు. 2008లో స్పెయిన్ ఐరోపా కప్పు గెలిచిన జట్టులో అతడున్నాడు. ఇటలీతో ఆట పెనాల్టీల వరకు పోయినప్పుడు తన వంతు బంతిని గోలులోకి పంపాడు. గాయం కారణంగా 2010 ప్రపంచకప్పుకు దూరమయ్యాడు. 2012లో స్పెయిన్‌కు మరల ఐరోపా కప్పు దక్కినప్పుడు మళ్ళీ జట్టులో ఉన్నాడు. ఆ ఏడే లండనులోని ఆర్సెనల్ క్లబ్బు అతనిని పిలిపించుకొన్నది. 2014 ఎఫ్.ఎ. కప్పు ఫైనలులో హల్ సిటీ జట్టు ఆరంభంలోనే రెండు గోళ్ళు చేసి ఆర్సెనల్‌ను దిగ్భ్రాంతిలో ముంచివేసినప్పుడు, దూరం నుంచి ఫ్రీకిక్కుతో మొదటి గోలు చేసి ప్రాణం పోసినవాడు కజోర్లాయే. చివరకు ఆర్సెనల్ 3-2తో గెలిచింది.

అతడు లండను చేరిన 2012లోనే అక్కడ ఇంటివద్ద ఒవియెడో క్లబ్బు మూతబడే స్థితికి వచ్చింది. గత్యంతరం లేక క్లబ్బు తన వాటాలను ప్రజలకు అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్క వాటా ధర 10.75 యూరోలు. ఊరివారు కొన్నారు. ఆ ఊరిని ఎన్నడూ చూడని పరదేశీయులు కూడా వేల సంఖ్యలో కొన్నారు. అక్కడ ఆట నేర్చి వెళ్ళిన కజోర్లా, మాటా, మిచూలు కూడా కొన్నారు. క్లబ్బు నిలిచింది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెనని మా మనవి.

ఇక కష్టకాలం. 2013లో చిలీతో జరిగిన స్నేహపూర్వక పోటీలో చీలమండకు తగిలిన దెబ్బ నొప్పిగా మిగిలిపోయింది. నొప్పితోనే అతడు ఏండ్ల తరబడి ఆడాడు. 2016 అక్టోబరు 19 తరువాత మరి ఆడలేకపోయాడు. శస్త్రచికిత్స మీద శస్త్రచికిత్స జరిగింది. పుండు మానలేదు. సూక్ష్మక్రిములు చేరి మడమ వెనుకనుండే పెద్ద స్నాయువును సుమారు 8 సెంటీమీటర్ల మేర తినివేశాయి. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే అదే పదివేలనుకొమ్మని వైద్యులు చెప్పినట్లు అతడే వెల్లడించాడు. స్పెయిన్‌లోని విటోరియా పట్టణపు వైద్యుడు మికెల్ సాంచెజ్ ఆ కాలును నిలబెట్టాడు. చీలమండపై చర్మం కప్పడానికి ముంజేతి చర్మం తీయవలసి వచ్చింది. ఆ చేతిమీద కజోర్లా తన కూతురి పేరు పచ్చబొట్టు పొడిపించుకొని ఉన్నాడు. ఆ పేరు ‘ఇండియా’. పేరులో కొంత చేతిమీద మిగిలింది. కొంత కాలిమీదికి చేరింది. మన దేశం పేరు పెట్టుకొన్న బిడ్డ పేరు అక్కడ అతని గాయాన్ని కప్పిందని చదివినప్పుడు మాకు కలిగిన భావాన్ని మాటలలో చెప్పలేము.

ఇక్కడ మా కథ ఒకటి చెప్పక తప్పదు. మేము రెండవ సంవత్సరంలో ఉండగా, ఒక పోటీలో మా జట్టు మిత్రుడు మోకాలు దెబ్బతిని పడిపోయాడు. మైదానం నుంచి మేము నలుగురమే అతనిని మోసుకొని వచ్చాము. మొదటివారం ప్రతి సాయంత్రం బత్తాయిలు పట్టుకొని ఆసుపత్రికి వెళ్ళాము. రెండవ వారం ఇద్దరం వెళ్ళాము. తరువాత పరీక్షలు వచ్చాయి. అతడు చదువు ఆపి ఊరికి పోయాడు. అతని మంచం మరొకరికి ఇచ్చారు. అతని స్థానంలో మరొకడు ఆడాడు. మేము గెలిచాము కూడా. గెలిచిన ఆ రోజున మాలో ఒక్కరమైనా అతనికి ఫోను చేయలేదు.

కజోర్లా మాత్రం మరల ఆడాడు. 2018లో విల్లారియల్ అతనికి తిరిగి తలుపు తెరిచింది. 2019లో స్పెయిన్ జట్టులోకి మరల పిలుపు వచ్చింది. 2020లో ఖతర్ వెళ్ళి అల్ సద్ జట్టులో చేరాడు. మా సహాధ్యాయులలో కొందరి తండ్రులూ అన్నలూ బ్రతుకుతెరువుకు వెళ్ళిన దోహా నగరమే అది. అక్కడినుంచి 2023లో, ముప్పది ఎనిమిదేండ్ల వయసులో, ఒవియెడోకు వచ్చాడు. జీతం లేకుండానే ఆడతానన్నాడు. నిబంధనలు ఒప్పుకోకపోవడంతో కనీస వేతనానికి సంతకం చేశాడు. తన పేరిట అమ్ముడయ్యే చొక్కాల రాబడిలో పదవవంతు బాలుర శిక్షణకు ఇమ్మని కోరాడు.

2024లో మొదటి శ్రేణికి చేరే ఆఖరి పోటీలో ఒవియెడో ఓడింది. 2025 జూన్ 21న మరల ఆఖరి పోటీ. మిరాండెస్ జట్టు తొలి ఆటలో ఒక గోలుతో గెలిచి, రెండవ ఆటలోనూ ముందుగా గోలు చేసింది. అప్పుడు దొరికిన పెనాల్టీని నలుబది ఏండ్ల కజోర్లా గోలు చేశాడు. అదనపు సమయంలో ఒవియెడో 3-1తో గెలిచి, 24 సంవత్సరాల తరువాత మొదటి శ్రేణికి చేరింది.

మరునాడు ఉదయం ఆ వార్త చదివి మేము కొంతసేపు మాట్లాడుకోలేదు. మాలో ఒకడు మెల్లగా ఆ మిత్రుని పేరు ఎత్తాడు. తరువాతి ఆదివారం నలుగురం బస్సెక్కి అతని ఊరు వెళ్ళాము. తండ్రిగారి కిరాణా కొట్టులో కూర్చొని పద్దులు వ్రాస్తున్నాడు. మమ్మల్ని చూచి లేచాడు. లేవడానికి గల్లాపెట్టె పట్టుకోవలసి వచ్చింది. “రండిరా, కూర్చోండి” అన్నాడు. వాళ్ళ అమ్మగారు చాయ్ ఇచ్చారు. దారిపొడవునా కూడబలుక్కొన్న కజోర్లా కథ చెప్పబోతే, అతనికి అప్పటికే తెలుసు. “ఆయనకు పెద్ద డాక్టర్లు దొరికారు, డబ్బున్నది. నాకేమున్నదిరా?” అన్నాడు. దానికి మా వద్ద సమాధానం లేదు. తలలు వంచుకొని, “రాకపోవడం మా తప్పురా” అన్నాము. ఆ ఏడే అతడు మిగిలిన పరీక్షలకు ఫీజు కట్టాడు. నోట్సులు మేము వంతులవారీగా వ్రాసి పంపాము. మళ్ళీ ఆడతావా అని మేము అడగలేదు.

మా ఉర్దూ మిత్రులు వతన్ అంటారు; మేము పుట్టిన ఊరు అంటాము. పోయినవాడు తిరిగి రావాలని అందరమూ కోరుకొంటాము. కాని 2012లో తలా ఒక వాటా కొని నిలబెట్టినవారే లేకపోతే, 2023లో కజోర్లా తిరిగి రావడానికి ఒవియెడో ఉండేదే కాదు. రచ్చ గెలిచి వచ్చినవానికైనా, ఓడి వచ్చినవానికైనా ఒక చోటు అట్టిపెట్టి ఉంచడం ఇంటివారి పని. ఆ పనిలో మేము ఒకసారి తప్పాము. మరల తప్పకూడదని ఈ నాలుగు మాటలు వ్రాసుకొన్నాము.