కడితము వంటి కరపత్రము

కరపత్రమనునది అల్పాయుష్కమైనది. చేతికందినంతనే ఒకసారి చూచి నలిపి పారవైచుట లోకసామాన్యము. అట్టి కాగితమును పిల్లలు తామై విప్పి చూచి దాచుకొనవలెనన్నచో, అందలి మాటలతో బాటు దానిని మడచు తీరును గూర్చియు ఆలోచింపవలెను. ఈ విషయమున మన పూర్వుల కడితమే మాకు దారి చూపినది.

కడితమనగా తెలుగు, కన్నడ దేశములందు లెక్కలు వ్రాసికొనిన గుడ్డపుస్తకము. నూలుగుడ్డకు చింతగింజల అంబలిని, బొగ్గుపొడిని కలిపి ఇరువైపుల పూసి, ఆరిన పిదప సమానమైన ఆకులుగా ముందుకొకటి, వెనుకకొకటి మడచెడివారు. చివరలకు పలుచని చెక్కలే అట్టలు. బలపముతో వ్రాసి, అక్కరలేనిచో చెరిపి మరల వ్రాసెడివారు. 1810లో దక్షిణదేశ చరిత్రను ప్రకటించిన మార్క్ విల్క్సు, ఇవి 12 మొదలు 18 అడుగుల పొడవుండునని వ్రాసియున్నాడు. చుట్టగా చుట్టిన పత్రమును మొదటినుండి విప్పుకొని రావలెను. కడితమును కోరిన మడత యొద్దనే తెరవవచ్చును. జీవితమంతయు జమాఖర్చుల పుస్తకములు తిరుగవేసిన మాకు ఈ గుణము మిక్కిలి రుచించినది.

ఇక నేటి సంగతి. చెన్నపురిలోని మన యిండ్లలో తెలుగు మాట వినబడుచున్నది గాని తెలుగక్షరము కానరాకున్నది. 2006 నాటి చట్టము పిమ్మట బడులలో తమిళము తప్పనిసరియైనది. మనకు అన్నము పెట్టిన నేల భాషను నేర్చుట మనకు మేలే. అయినను అమ్మభాష అక్షరములు నేర్పు భారము ఇంటిమీద పడినది. మన సంఘ సమావేశమున ఉగాది కరపత్రమును గూర్చి చర్చ జరిగినపుడు, తెలుగు మాటలనే ఇంగ్లీషు లిపిలో అచ్చువేయనిదే పిల్లలు చదువలేరని యువకులనిరి. అది అక్షరమునకు నీళ్లు వదలుటయేయని పెద్దలనిరి. ఇరువురి మాటయు నిజమే. మడతలో ఇరువురికిని చోటు దొరకినది.

ఏ3 కాగితమును పొడవున రెండుగా కోసిన 420 మిల్లీమీటర్ల పట్టీ వచ్చును. ఐదు మడతలు పెట్టినచో 70 మిల్లీమీటర్ల వెడల్పు గల పుటలు ఆరు. వెనుకవైపుతో కలిపి పండ్రెండు. కడితమువలె నల్లని నేలపై తెల్లని అక్షరములు వేయించితిమి. ఒక పుటలో "పిట్ట కొంచెము" అనియుండును. "కూత ఘనము" అనునది తరువాతి మడత విప్పినగాని కానరాదు. ఇంగ్లీషు లిపి ఆ పుటకు వెనుకవైపున కలదు. పిల్లవాడు మొదట తెలుగున కూడబలుకుకొని, పిదప త్రిప్పి సరిచూచుకొనవలెను. చివరి పుటను వట్టి నలుపుగా విడిచితిమి. అది తెల్ల పెన్సిలుతో తన పేరు వ్రాసికొనుటకు.

తిరువల్లిక్కేణి అచ్చుకూటమునందలి పనివాడు మాకొక చిక్కు చెప్పెను: నిండు నలుపు అచ్చువేసిన కాగితము మడతయొద్ద పగిలి తెల్లగా కనబడునట. కాగితపు పోగు మడత వెంబడి ఉండవలెననియు, ముందుగా క్రీజింగ్ నొక్కవలెననియు, మడతయొద్ద నలుపు వేయక సన్నని తెల్లగీత విడిచినచో పగులు తెలియదనియు అతడే ఉపాయము చెప్పెను. అట్లే చేసితిమి. ఆ గీతలు లెక్కపుస్తకపు గీతలవలె ముచ్చటగా నుండెను.

ఉగాదినాడు పిల్లలు వీనిని హార్మోనియపు తిత్తివలె సాచుచు, మూయుచు ఆడుకొనిరి. తమిళమున క, గ లకు ఒకే అక్షరము. తమిళ బడిలో చదువు ఒక బాలిక, తన పేరులోని 'గ'కు తెలుగున వేరు అక్షరము కలదని తెలిసికొని, దానిని నాలుగుమారులు వ్రాసి చెరిపెను. మేము కోరినది ఇంతయే.

ఒక్క కరపత్రముతో భాష నిలువదు. అయినను దినమునకొక మడత చొప్పున తాతలు, అమ్మమ్మలు మనుమల చేత విప్పించి చదివించినచో, వారమునకు మించి పట్టదు. ఆ నల్లని పుటను మాత్రము ఏ ఇంటను ఖాళీగా ఉంచవలదని మా మనవి.