వైఫైకీ ఒక వీధరుగు

కరివేపాకు రెబ్బ అడిగితే లేదనడం మన ఇంటావంటా లేదు. గిన్నెడు పంచదార, తోడుకి చెంచాడు మజ్జిగ, ఆఖరికి పెళ్ళికి కట్టుకెళ్ళే పట్టుచీర! ఇరుగుపొరుగుల మధ్య ఇవన్నీ వస్తూపోతూ ఉండేవే. ఇప్పుడా జాబితాలో ఇంకొకటి చేరింది. "వదినగారూ, మీ వైఫై పాస్‌వర్డు కాస్త చెబుదురూ, మావాడికి పరీక్షలు" అని ఎదురింటావిడ గుమ్మంలో నిలబడితే, కాదనడానికి ఎవరికైనా నోరొస్తుందా?

అయితే పంచదారకీ వైఫైకీ ఒక తేడా ఉంది సుమండీ! ఇచ్చిన పంచదారతో వాళ్ళు పాయసం వండుకున్నా, చీమలకు పోసినా మన పేరు రాదు. వైఫై అలా కాదు. పోపు వాసనలాగా గోడలు దాటి మెట్లమీదికీ, పక్క వాటాలోకీ పోతుంది. దానిమీద ఎవరేం చేసినా బయటికి కనిపించేది మన చిరునామాయే. 2008 జూలైలో అహ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఈమెయిల్ వెళ్ళింది. దాని జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబయిలో ఒక ఇంటికి చేరారు. తీరా చూస్తే, కాపలాలేని ఆ ఇంటి వైఫైని ఎవరో వాడుకున్నారట!

అలాగని ఎదురింటి కుర్రాడి చదువు పాడుచేయాలా? అక్కర్లేదు. మన పెద్దలు ఇంటిముందు అరుగు కట్టేవారు. వచ్చినవాళ్ళు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు. నట్టింట్లో బీరువాదాకా వచ్చేవారు కాదు. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి అలాంటి అరుగుంది. పేరు గెస్ట్ నెట్‌వర్క్. దాని పాస్‌వర్డు వేరు. ఇంటర్నెట్ అందుతుంది, మన కంప్యూటర్లో కాగితాలు అందవు. పరీక్షలయ్యాక పాస్‌వర్డు మార్చేస్తే సరి. అరుగైనా మనింటిదే గనక, తెలిసినవాళ్ళనే కూర్చోబెట్టాలి.

ఇక నట్టింటికి తాళాలు రెండు. వైఫైలో చేరడానికొకటి, రౌటరు సెట్టింగుల్లోకి వెళ్ళడానికొకటి. చాలా ఇళ్ళల్లో రెండోది కొన్ననాటిదే ఉండిపోతుంది. రెండూ మార్చుకోవాలి. సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోవాలి. డబ్ల్యూఈపీ అనే పాత తాళం గుట్టు 2001లోనే రట్టయింది. పాస్‌వర్డుగా పిల్లల పుట్టినరోజులూ, ఫోన్ నెంబర్లూ పనికిరావు. రోకలి, రైలుబండి, గోంగూర, గడియారం... ఇలా పొంతనలేని నాలుగు మాటలు మీరే కలుపుకోండి. మీకు గుర్తుంటుంది, దొంగకి తట్టదు. నెలకోసారి రౌటరులో ఎవరెవరు చేరి ఉన్నారో ఆ జాబితా చూడటం మంచిది.

ఇది పిసినారితనం కాదు, ఇల్లు చక్కబెట్టుకోవడమే. రాత్రి పడుకోబోయేముందు గ్యాసు కట్టేశామా, గడియ వేశామా అని చూసుకునేది మనమే కదా! ఈ ఒక్క గడియనీ "అది మావారి వ్యవహారం" అని వదిలేయడమెందుకూ?