మా నాన్న పుస్తకం, నా బ్రిడ్జి గోల

"బ్రిడ్జి కుదరట్లేదు నాన్నా" అంటే మా నాన్న ఏమన్నాడో తెలుసా? "మన తోటలో కాలవే లేదు కదరా, బ్రిడ్జి దేనికీ?" :)

సరే, అసలు విషయానికొస్తా. మాది నూజివీడు దగ్గర. చిన్న రసాలు, బంగినపల్లి తోట. ఇంటినుంచే ఉద్యోగం కదా అని మొన్న వేసవిలో నాన్న లెక్కల కోసం చిన్న అప్లికేషన్ రాశా. రోజూ ఎంత కాయ కోశాం, కూలి ఎంత, వ్యాపారి ఎంతిచ్చాడు.. ఇవీ లెక్కలు. పాత లాప్‌టాప్‌లో ఎల్ఎక్స్‌సీ కంటైనర్లో పెట్టా.

ఎల్ఎక్స్‌సీతో వచ్చే బ్రిడ్జి కంటైనర్‌కి 10.0.3తో మొదలయ్యే అడ్రసిస్తుంది. బయటికి నాట్ ద్వారా వెళ్ళొచ్చు గానీ, బయటివాళ్ళు లోపలికి రాలేరు. నాన్న ఫోనేమో ఇంటి వైఫైలో 192.168 అడ్రసుతో ఉంది. ఇంకెలా కనపడుతుంది?

అక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సింది. ఇంజినీర్ని కదా, ఆగలేదు! కంటైనర్‌కి ఇంటి రూటరే అడ్రసివ్వాలని వైఫైని బ్రిడ్జిలో కలపబోయా. కుదర్దంది. యాక్సెస్ పాయింట్ తనతో జతకట్టిన మ్యాక్ అడ్రసునే ఒప్పుకుంటుంది, వెనకున్న కంటైనర్ ఎవరో దానికి తెలీదు. మ్యాక్‌వీలాన్‌కీ వైఫైలో అదే రోగం. పైగా అందులో హోస్టుకీ కంటైనర్‌కీ మాటల్లేవు. పోనీ అని కేబుల్ లాగా. ఐపీని బ్రిడ్జికి మార్చకుండా కార్డుకే వదిలేశా. లాప్‌టాపే నెట్‌వర్క్‌లోంచి మాయం!

సరిగ్గా అప్పుడే వ్యాపారి డబ్బివ్వడానికొచ్చాడు. నాన్న ఫోన్ తీశాడు, రెండుసార్లు నొక్కి చూశాడు. ఏమీ అనకుండా జేబులోంచి చిన్న పుస్తకం తీసి లెక్క చదివాడు. మూడు వారాలుగా రెండిట్లోనూ రాస్తున్నాడట! "నీ మీద నమ్మకం లేక కాదురా, అలవాటు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి పాత బ్రిడ్జికే తిరిగొచ్చా. లాప్‌టాప్‌కీ కంటైనర్‌కీ మారని అడ్రసులిచ్చి, ఐపీటేబుల్స్‌తో ఒక్క పోర్టు లోపలికి పంపా. రెండు మూడు లైన్ల పని! ఎవరు ఎవర్ని చేరాలి అని ముందే అడిగుంటే ఇంత గోల ఉండేది కాదు. పది కంటైనర్లుండి, ఒక్కోదాన్నీ అందరూ నేరుగా చేరాలంటే కేబుల్ మీద అసలు బ్రిడ్జి కట్టాల్సిందే. మా ఇంట్లో చూడాల్సింది నాన్నొక్కడు, చూసేది ఒక్క పేజీ.

నాన్న ఇప్పటికీ రెండిట్లోనూ రాస్తున్నాడు. పుస్తకం మానెయ్యమని నేనూ అనట్లేదు. ఆఫీసులో అందరికీ బ్యాకప్ గురించి క్లాసు పీకేది నేనే కదా మరి!