బయటి గాలి

“తందురుస్తీ హజార్ నేమత్” అని మన సంచికలోని ఉర్దూ విభాగంవారు వ్రాస్తారు. “ఆరోగ్యమే మహాభాగ్యం” అని తెలుగు విభాగంలో మేము వ్రాస్తాము. రెండు సూక్తులనూ నల్లబల్లపై ఎన్నోసార్లు వ్రాసినవాడినే గాని, వాటి బరువు నాకు తెలిసింది మా అబ్బాజాన్ గతించిన సంవత్సరంలోనే.

ఆ దినాలలో నాకు నిద్ర కరవైంది. రాత్రి రెండుగంటలకు మెలకువ వచ్చేది. ఆపైన తెల్లవార్లూ ఇంటికప్పును చూస్తూ పడుకొనేవాడిని. పగలు పాఠం చెబుతూ పద్యం మధ్యలో ఆగిపోయేవాడిని. విద్యార్థులు మర్యాదకొద్దీ నవ్వలేదు. వైద్యులు నాడి చూచి, మాత్రలేవీ వ్రాయక, “లెక్చరర్ సాబ్, తెల్లవారగానే ఆరుబయట గంటసేపు నడవండి” అన్నారు. ఇంతేనా అని నాకు నిరాశ కలిగిన మాట నిజం. ఫీజు చెల్లించినవాడికి మందుచీటీ లేనిదే తృప్తి ఉండదు కదా!

అప్పుడు నా నివాసం పటాన్‌చెరులో ఒక అద్దె గది. ఫజర్ నమాజు ముగించుకొని నడక ప్రారంభించాను. చలికాలం. మంచుతోపాటు ఒక ఘాటైన రసాయనపు వాసన నేలబారున వ్యాపించి ఉండేది. గొంతు మండేది, కన్నులు చెమ్మగిల్లేవి. నాలుగవ రోజున సగం దారిలోనే వెనుదిరిగి వచ్చి కిటికీలు కూడా మూసుకున్నాను. బయటికి పొమ్మన్న సలహా నన్ను మరింత లోపలికి నెట్టింది.

ఇది నా ఒక్కడి సుకుమారత అనుకోరాదు. 1970ల నుండి ఆ ప్రాంతంలో వెలసిన పరిశ్రమలు వేలమందికి అన్నం పెట్టాయి. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో ఆ షిఫ్టులలోనే పనిచేస్తున్నారు. ఆ మేలు మరువరానిది. కాని ఆ వ్యర్థజలం ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు సాగింది. పటాన్‌చెరులోనే వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు ఈ కాలుష్యంపై ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన వ్యాసం ప్రకారం, అక్కడి శుద్ధికేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో సైతం అంత ఉండదు. మందే వాగై పారుతున్నచోట, ఆ గట్టున నడిచేవాడికి వైద్యుడు ఏమని వ్రాయగలడు?

తరువాత సంగారెడ్డికి ఇల్లు మార్చాను. మహబూబ్‌సాగర్ చెరువు గట్టున నడక తిరిగి మొదలైంది. నీటిపై తొలివెలుగు, రెక్కలు విదిల్చే కొంగలు, పలకరించే ముసలివారు. మూడు వారాలకు ఒక రాత్రి నాలుగుగంటల వరకు నిద్రపట్టింది! అంతా నడక మహిమే అనను. దుఃఖం కూడా కాలంతోపాటు తగ్గుతుంది. అయినా ఉదయకాంతి కంటికి తగిలితే దేహంలోని గడియారం సరిపడుతుందని, రాత్రి నిద్ర సకాలంలో వస్తుందని శాస్త్రం చెబుతున్నది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన రోగులను పోల్చి చూచాడు. కిటికీలోనుండి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ మాత్రమే కనిపించినవారికంటె త్వరగా ఇంటికి వెళ్ళారు. తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా వాడారు. ఇది చదివిననాడు అబ్బాజాన్ చివరి రోజుల ఆసుపత్రి గది జ్ఞప్తికి వచ్చింది. దాని కిటికీ గోడవైపే ఉండేది.

ఈ సంవత్సరం తరగతిలో “నా దినచర్య” అని వ్యాసం వ్రాయించాను. ఒక విద్యార్థిని, ఇంటినుండి బస్సు, బస్సునుండి తరగతి, మళ్ళీ బస్సు, ఇల్లు. తనమీద ఎండ పడేది బస్సుకోసం నిలబడే పదినిమిషాలేనని వ్రాసింది. ఎండ పొడ సోకనిదే శరీరం డి విటమిన్‌ను చాలినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే ఎముకలు బలహీనపడతాయి. కనుక మార్జినులో ఎర్రసిరాతో “ప్రతిదినం కొంతసేపు ఆరుబయట నడువుము” అని వ్రాశాను. ఆ అమ్మాయి పుస్తకం తీసుకొనివచ్చి, “ఎక్కడ నడవమంటారు సార్?” అన్నది. వైద్యులు నాకిచ్చిన సలహానే నేనూ ఇచ్చాను, ఆమె ఉండే చోటు అడగకుండానే.

మన కళాశాల వెనుక ఖాళీస్థలంలో నాలుగు వేపచెట్లు ఉన్నాయి. వాటి క్రింద విరిగిన బెంచీలు, ముందు తాళం వేసిన గేటు. కమిటీ పెద్దలకు ఈ పుటలోనే నా మనవి: మధ్యాహ్న విరామంలో గంటసేపు ఆ గేటు తీయించండి. బెంచీలు తొలగించడానికి విద్యార్థులతోపాటు నేనూ వస్తాను. తాళంచెవి ఆఫీసు గదిలో మేకుకే వ్రేలాడుతున్నది. తాళానికి మాత్రం తుప్పు పట్టింది. కాస్త నూనె వేయవలసి ఉంటుంది.